నలభై నారింజల్లో ఒకటి

పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిది, చలికాలం.

ఆగండి ఆగండి, అది రాయకండి డాక్టరమ్మా. కొట్టేయండి. నోరు జారింది. చూపు తగ్గింది మూడు నెలల నుంచి అని రాయండి. ఆ, మూడు నెలలే. మా కోడలూ అదే చెప్తుంది. బయట బల్ల మీద కూర్చుని ఉంది, కావాలంటే పిలిచి అడగండి.

ఎందుకలా చూస్తున్నారు? చూస్తున్నారనే అనుకుంటున్నాను లెండి. మీ నర్సమ్మ పోసిన చుక్కల మందు ధర్మమా అని మీరిప్పుడు నా కంటికి కోటు తొడుక్కున్న పొగలా ఉన్నారు. అరగంట కళ్ళు మూసుకుని కూర్చోమంది. మూసుకుంటాను. నోరు మూసుకోమని మాత్రం చెప్పలేదు, మీరూ విన్నారుగా?

అయినా ఇదేం ఆసుపత్రమ్మా! పొద్దున ఏడింటికి వచ్చాం. చీటీ ఒక కిటికీలో, కార్డు ఇంకో కిటికీలో, ఆ రెండూ కలిపి గుచ్చే గుండుసూది మూడో కిటికీలో. చూపు ఆననివాళ్ళని ఇన్ని కిటికీల చుట్టూ తిప్పుతారా ఎవరైనా? వరండాలో కుర్చీలకి గోడ రంగే వేశారు. ఖాళీ కుర్చీ అనుకుని ఒకాయన ఒళ్ళో కూర్చున్నాను. పాపం ఆయనకీ కనబడదు కాబట్టి సరిపోయింది. ఎవరో మనవడనుకుని నా వీపు తట్టాడు.

నాకు డెబ్భై ఆరేళ్ళు తల్లీ.

సరే, అక్షరాల బోర్డు చదివించారు. చదివానా లేదా? కింది వరుస దాకా గడగడా చదివానా లేదా? ఇంకేం కావాలి మీకు?

ఏంటీ?

నేను చదివేటప్పుడు బోర్డు దీపం ఆర్పేసి ఉందా?

ఎవరార్పారు? మీరా? దీపం ఆర్పేసి చదవమంటారా! ఇది పరీక్షా, ఎలకల బోనా? పెద్దవాడి చెవిలో పువ్వు పెడతారా?

సరే. నా ముందు వరుసలో పదకొండు మంది చదువుతుంటే విన్నాను. పదకొండుసార్లు వింటే ఎవరికైనా వచ్చేస్తుంది. చెవులు దివ్యంగా ఉన్నాయని రాయండి ఆ కార్డులో. మంచి మాట ఒకటి కూడా ఉండాలి కదా, అన్నీ జబ్బులేనా?

నవ్వకండి. నేను అక్షరాలు నిద్ర మానేసి నేర్చుకున్నవాణ్ణి. ముప్ఫై ఏళ్ళ వయసులో. పగలు మిఠాయి అంగట్లో పని, రాత్రి అదే రాతిబల్ల మీద చదువు. మా తమ్ముడు చెప్పాడు. నాకంటే పన్నెండేళ్ళు చిన్న. బల్ల మీద పంచదార పొడి పల్చగా పరిచి, వేలితో రాయమనేవాడు. తప్పు రాస్తే అరచేత్తో చెరిపేసేవాడు. సరిగ్గా రాస్తే ఆ అక్షరాన్ని నాకేయొచ్చు. నిజం. నేను అక్షరమాల అంతా తిన్నాను డాక్టరమ్మా. మీలాంటి చదువుకున్నవాళ్ళు చదివుంటారు, తినుండరు.

ఎందుకు నేర్చుకున్నాననా? అది వేరే కథ. మా తమ్ముణ్ణి హాస్టల్లో పెట్టి చదివించాను. నేను తొమ్మిదో ఏట బాదంపప్పు తొక్కలు తీయడానికి కూర్చున్నాను, వాడైనా కూర్చోకూడదని. వాడి దగ్గర్నుంచి ఉత్తరం వస్తే అంగడి గుమాస్తా చదివి పెట్టేవాడు. ఆ గుమాస్తా ఎలాంటివాడంటే, నిమ్మకాయ కోస్తే పక్కనే నిలబడి పులుపు మీద కూడా పెత్తనం చేసే రకం. ఒకరోజు అంగడినిండా జనం. వాడు బల్లెక్కి, చిన్నపిల్లాడి గొంతు పెట్టి చదివాడు, "అన్నయ్యా, నాకు ఇల్లు గుర్తొస్తే దుప్పటి కప్పుకుని ఏడుస్తున్నాను" అని. అందరూ పగలబడి నవ్వారు.

నేనూ నవ్వాను. ఏం చెయ్యను, యజమాని నవ్వుతున్నాడు.

ఆ రోజు ఒట్టు పెట్టుకున్నాను. నా ఉత్తరం ఇంకోసారి ఇంకొకడి నోట వినను అని. మా తమ్ముడు చదువయ్యి రాగానే పట్టుబట్టి నేర్చుకున్నాను. మొండివాడు రాజు కంటే బలవంతుడంటారే, అది నా గురించే.

మళ్ళీ అదే ప్రశ్నా? ఎప్పటి నుంచి, ఎప్పటి నుంచి. మూడు నెలలన్నానుగా!

ఎలా తెలిసిందా? మా కోడలి పుణ్యం. ఆవిడ ఇప్పుడు పండ్ల మిఠాయి, అంటే పండ్లలా కనబడే మిఠాయి, చేస్తుంది. చేస్తుంది అనకూడదు. పోస్తుంది. డబ్బా పాలు, కొబ్బరి పొడి, జెల్లీ పొడి పొట్లం. మూడూ గిన్నెలో పడేసి, కలిపి, ప్లాస్టిక్ అచ్చులో అదిమి, బల్ల మీద బోర్లించి టప్‌మని కొడుతుంది. పన్నెండు స్ట్రాబెర్రీలు. పన్నెండూ కవలలు! దేవుడు కూడా ఒక చెట్టున రెండు కాయలు ఒకలా కాయించలేదమ్మా. ఈవిడ నిమిషంలో కాయిస్తుంది. మళ్ళీ "పొయ్యి అక్కర్లేదు, వండక్కర్లేదు, ఎంత సులువో చూడండి మావయ్యా" అంటుంది.

పొయ్యి అక్కర్లేదని నాకు చెప్తుంది! నలభై ఏళ్ళు అంగట్లో పొయ్యి లేకుండా పండ్లు చేసినవాడికి! తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే.

ఈసారి సెలవులకి తొంభై ఆరు చేసింది. "ఊరికే కూర్చునే బదులు రంగులు వేసి పెట్టండి మావయ్యా" అని కుంచె చేతికిచ్చింది. వేశాను. సాయంత్రం వచ్చి చూసింది. పండ్లకి ఆకుపచ్చ వేశానట, ఆకులకి ఎరుపు వేశానట.

"ఇదేంటి మావయ్యా?" అంది.

"కొత్త రకం" అన్నాను.

మర్నాడు పొద్దున మా అబ్బాయి సెలవు పెట్టాడు, ఈవిడ సంచిలో నీళ్ళ సీసా పెట్టింది, ఇద్దరూ కలిసి నన్ను ఇక్కడికి లాక్కొచ్చారు. అదీ సంగతి. మూడు నెలలు.

గడ్డం దీని మీద పెట్టాలా? ఈ పట్టీ ఎవరెవరి గడ్డాలు మోసిందో! తుడుస్తారా దీన్ని? పెట్టాను. ఆ నీలం దీపం చూడాలా? చూస్తున్నాను. ఎక్కడుందో చెప్తే ఇంకా బాగా చూస్తాను.

ఊ. ఏమంటారు?

ఎడమది పోయిందా?

పోయిందంటే... అద్దాలు పెడితే? కోస్తే? ఏం చేసినా రాదా? నరం ఎండిపోయిందా?

సరే. మంచిది. అది ఉన్నప్పుడు కూడా పెద్దగా పని చేసిందేమీ లేదు.

కుడిది?

నెమ్మదిగా చెప్పండమ్మా, నేను మిఠాయివాణ్ణి, కంపౌండర్ని కాదు. ఎడమది ఎంత వేగంగా పోయిందో తెలిస్తే కుడిది ఎంత వేగంగా పోతుందో తెలుస్తుంది. అంతేనా? ఏళ్ళ తరబడి నెమ్మదిగా పోయిందైతే చుక్కల మందుతో ఆపి చూడొచ్చు. మూడు నెలల్లో ఇంత పోయిందైతే ఈ వారమే కొయ్యాలి. కోస్తే మిగిలింది కూడా పోవచ్చు. అంతేనా?

ఓహో. అందుకా ఇన్నిసార్లు అడుగుతున్నారు!

ముందే చెప్పొచ్చుగా? ఊరికే ఆరా తీస్తున్నారనుకున్నాను.

అయినా మూడు నెలలే.

రెప్ప ఎత్తుతున్నారా? ఎత్తండి.

...

మీ చెయ్యి చల్లగా ఉంది డాక్టరమ్మా.

ఏం లేదు. చల్లగా ఉందన్నాను, అంతే. తియ్యకండి, ఫరవాలేదు. మంచి చెయ్యి. మా పనికి పనికొచ్చేది. బాదం పొడీ, పంచదార పొడీ, రెండు చెంచాల గులాబీ నీళ్ళూ. అంతే ముద్ద. నిప్పు లేదు, నీళ్ళ ఆవిరి లేదు. చెయ్యే పొయ్యి. నాది వేడి చెయ్యి. పిసకడానికి భేషుగ్గా ఉంటుంది, పండు చెయ్యబోతే మాత్రం బాదం నూనె కక్కేస్తుంది. పండుకి చెమట పట్టినట్టు ఉంటుంది. చెమట పట్టిన పండు ఎవరు కొంటారు?

మా తమ్ముడిది చల్లటి చెయ్యి. నడి వేసవిలో కూడా కుండలో నీళ్ళలా ఉండేది. అందుకే ముద్ద నాది, పండు వాడిది. నారింజ చెయ్యాలంటే ఉండ చేసి కొబ్బరి కోరు మీద ఒక్కసారి దొర్లించేవాడు. తొక్క మీద గుంటలు అచ్చంగా దిగేవి. తొడిమకి లవంగం. ఆ తర్వాత కుంచె. ఒక పక్క పసుపు, ఒక పక్క కాస్త ఎరుపు, ఎక్కడో ఒక చోట చిన్న దెబ్బ, కొమ్మకి రాసుకున్నట్టు. నేను తిట్టేవాణ్ణి, "ఒరేయ్, కొనేవాడికి దెబ్బ తగిలిన పండు అమ్ముతావా?" అని. "చెట్టు మీంచి వచ్చింది కదా అన్నయ్యా, ఆ మాత్రం తగలకుండా ఉంటుందా?" అనేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఆ మాత్రం అన్నాడంటే చాలా ఎక్కువ మాట్లాడినట్టు లెక్క.

చదువుకున్నవాడివి, ఎక్కడైనా రాత పని చూసుకోరా అంటే వినలేదు. నా పక్కనే కూర్చున్నాడు. తర్వాత యజమాని పోయాక అంగడి మేమే తీసుకున్నాం.

ఆ అంగట్లో ఒక ఆట ఉండేది. ఏటా చలికాలం సెలవుల మొదటి రోజు, బయట గుమ్మం పక్కన బల్ల వేసి ఒక బుట్ట పెట్టేవాళ్ళం. బుట్టలో నలభై చిట్టి నారింజలు. నిమ్మకాయంత ఉంటాయి. ముప్ఫై తొమ్మిది మిఠాయివి. ఒకటి అసలు పండు. బల్లకి అవతల తాడు కట్టేవాళ్ళం. ఇంటికి ఒకరు, తాడుకి ఇవతల నిలబడి, ఒక్కసారి వేలు చూపించాలి. అసలు పండుని చూపిస్తే బుట్టంతా వాళ్ళదే. వాసనతో పట్టేస్తారేమోనని అన్నిటి మీదా నారింజ తొక్క పిండేవాళ్ళం.

ఇరవై ఆరేళ్ళు ఆడాం. ఎందరు గెలిచారనుకున్నారు? నలుగురు. అందులో ఒకడు పండ్ల బండివాడు, వాణ్ణి లెక్కలోకి తీసుకోకూడదు. ఒక పిల్ల నాలుగేళ్ళది, అది గెలిచి, మిఠాయి వద్దు పండే కావాలని ఏడ్చింది. మిగతా పెద్దమనుషులందరూ, ఉపాధ్యాయులూ, ప్లీడర్లూ, కళ్ళద్దాలు పైకి తోసుకుని, కిందికి లాక్కుని, చివరికి పోయి పోయి మా తమ్ముడు దెబ్బ వేసిన పండునే చూపించేవాళ్ళు. ఎంత చదువుకుంటే అంత నమ్మకంగా తప్పు చూపిస్తారమ్మా మనుషులు!

చీకటి పడేలోపు ఎవరూ గెలవకపోతే అప్పుడు నేను వచ్చేవాణ్ణి. అదీ అసలు ఆట. వీధంతా చేరేది. బుట్ట సర్దేది తమ్ముడు, అసలు పండు ఎక్కడ పెట్టాడో నాకు కూడా చెప్పడు. నేను బుట్ట ముందు నిలబడి, తడమకుండా, కెలక్కుండా, ఒక్కసారి చూసి, చెయ్యి పెట్టి అసలు పండు తీసి, అందరి ముందూ ఒలిచి తినేవాణ్ణి. మేము మోసం చెయ్యలేదని అదే రుజువు. చప్పట్లు కొట్టేవాళ్ళు. ఇరవై ఐదేళ్ళలో ఒక్కసారి కూడా చెయ్యి తప్పు పోలేదు.

ఎలా కనిపెట్టేవాణ్ణా? అసలు పండు తొక్కలో ఒక తడి మెరుపు ఉంటుంది. ఎంత రంగు వేసినా ముద్దకి ఆ మెరుపు రాదు. కన్నుంటే చాలు.

ఆ. కన్నుంటే చాలు.

ఎనభై ఎనిమిది... సరే. రాయకండి, ముందు వినండి. ఆ ఏడు వానాకాలం నుంచే దీపాల చుట్టూ గుండ్రంగా రంగులు కనబడేవి. బల్బు కంపెనీవాణ్ణి తిట్టాను. ఎడమ భుజం గుమ్మానికి తగిలేది. వడ్రంగిని పిలిచి, గుమ్మం వంకర పెట్టావని పోట్లాడాను. వాడు కొలిచి చూపించాడు, అయినా ఒప్పుకోలేదు. ఆడలేక మద్దెల ఓడు అంటారే, నేను మద్దెలలన్నీ అయిపోయి వీధిలోకి వెళ్ళి మరీ వెతికాను.

మా తమ్ముడు ఒకసారే అన్నాడు. "అన్నయ్యా, ఒకసారి కళ్ళు చూపించుకుందామా?" అని.

"నీ కళ్ళు చూపించుకో. నారింజకి దెబ్బ తప్ప ఇంకేం కనబడదు నీకు" అన్నాను.

ఆ సెలవుల మొదటి రోజు ఎవరూ గెలవలేదు. సాయంత్రమైంది. జనం. చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, దర్జాగా వచ్చి బుట్ట ముందు నిలబడ్డాను. చూశాను.

నలభై నారింజలూ ఒకటే డాక్టరమ్మా. అన్నిటి మీదా దుమ్ము పడ్డట్టు ఉంది. మెరుపు లేదు. ఎక్కడా లేదు.

ఏం చెయ్యాలి? "నాకు కనబడట్లేదు" అనాలా? అంతమందిలో? నా ప్రాణం పోయినా అనను. చెయ్యి పెట్టి ఒకటి తీశాను. చేతిలోకి రాగానే తెలిసింది, ముద్ద. బరువే వేరు. కానీ చెయ్యి పైకి లేచింది, అందరూ చూశారు, మళ్ళీ ఎలా పెడతాను? గోరు దింపాను. గోటి కింద బాదం ముద్ద చుట్టుకుంది. ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకోటి తీశాను. అదీ ముద్దే.

మూడోది తీయలేదు. తడిమితే దొరికేది. వేళ్ళతో ఒక్కసారి తడిమితే దొరికేది! కానీ తడిమేది ఎవరు? గుడ్డివాడు తడుముతాడు.

వెనకనుంచి ఒకడు అన్నాడు, "ఇరవై ఆరేళ్ళ నుంచి అసలు పండు పెడుతున్నారా లేదా మేస్త్రీ?" అని. జనం నవ్వలేదు. అది నవ్వు కంటే అధ్వాన్నం.

నేను వెనక్కి తిరిగాను. మా తమ్ముడి మీద విరుచుకుపడ్డాను. "ఒరేయ్, పండు పెట్టలేదు కదూ నువ్వు? నిజం చెప్పు! వీధి వీధంతటినీ మోసం చేస్తావా?" అని.

"పెట్టాను అన్నయ్యా" అన్నాడు. ఒక అడుగు ముందుకేశాడు. వాడి చూపు బుట్టలో ఎడమ పక్కకి వెళ్ళింది. చెయ్యి కూడా సగం చాపాడు. అప్పుడు నా మొహంలోకి చూశాడు.

ఎంతసేపు చూశాడో తెలీదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"లేదు" అన్నాడు. "మర్చిపోయాను. ఈసారి పెట్టలేదు."

గట్టిగా అన్నాడు. తాడు అవతల వాళ్ళందరికీ వినబడేలా. జన్మలో అంత గట్టిగా మాట్లాడి ఎరగడు.

చెంప మీద కొట్టాను. యాభై ఒక్క ఏళ్ళ మనిషిని. వాడి పెళ్ళాం, అంటే మా మరదలు, గుమ్మంలో నిలబడి చూస్తోంది. "నా అంగడి మెట్లు ఎక్కకు" అన్నాను. జనం తల ఊపారు, పెద్దాయన నిజాయితీపరుడు అన్నట్టు. తెల్లారేసరికి వాళ్ళిద్దరూ ఒక ట్రంకు పెట్టె వేసుకుని బస్సెక్కేశారు. నాలుగు గంటల దూరంలో పూలకుండీల కార్ఖానాలో కుండీల మీద రంగులు వేసే పనికి కుదిరాడని తర్వాత తెలిసింది. మిఠాయి పనికి ఎవరు పెట్టుకుంటారు? మోసగాడని పేరు వచ్చేసిందిగా. పేరు బస్సు కంటే ముందు చేరుతుంది.

ఆ బుట్టని వెనక గదిలో పడేసి గుడ్డ కప్పాను. తొమ్మిదో రోజుకి గదిలో వాసన. గుడ్డ తీశాను. బుట్టలో ముప్ఫై ఎనిమిది మిగిలాయి. ముప్ఫై ఏడు ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. బాదం ముద్ద అంత త్వరగా పాడవదు.

ఒకటి కుళ్ళిపోయింది. ఎడమ మూల. నీలం బూజు పట్టి, నొక్కితే వేలు దిగిపోయింది.

కాగితంలో చుట్టి వెనక కాలవలో పారేశాను. ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆవిడకీ చెప్పలేదు. పదమూడేళ్ళ తర్వాత మీకే చెప్తున్నాను, అదీ మీ చెయ్యి చల్లగా ఉండబట్టి.

వెళ్ళి పిలవొచ్చుగా అంటారు. అనేస్తారు మీరు, కుర్చీలో కూర్చుని. పిలిస్తే ఏమని పిలవను? వీధికి ఏమని చెప్పను? తమ్ముడు మోసగాడు కాదు, నేను గుడ్డివాణ్ణి అని గుమ్మానికి బోర్డు కట్టనా? ఆట మానేశాను. జనం రెండేళ్ళు అడిగారు, మూడో ఏడు మర్చిపోయారు. జనానికి ఏముంది!

వాడు మాత్రం ఉత్తరాలు రాసేవాడు. ఏటా సెలవులకి ఒకటి. మొదటి ఉత్తరంలో అక్షరాలు ఆవగింజలంత. బాగున్నామనీ, బాగున్నారా అనీ. రెండో ఏడు కాస్త పెద్దవి, కందిగింజలంత. ఆ తర్వాత బాదంపప్పులంత. ఏటేటా పెంచుకుంటూ పోయాడమ్మా! నాకు ఒళ్ళు మండేది. వీడికి నేను పసిపిల్లాడిలా కనబడుతున్నానా, పలక మీద రాసినట్టు రాస్తాడు అని. ఒక్కదానికీ జవాబు రాయలేదు. చింపనూ లేదు. లవంగాల డబ్బాలో పడేసేవాణ్ణి.

చివరి ఉత్తరం మొత్తం కాగితానికి నాలుగు మాటలు. ఒక్కో అక్షరం నా అరచెయ్యంత. "కళ్ళు చూపించుకో అన్నయ్యా. ప్లీజ్."

ప్లీజట! హాస్టల్ చదువు.

అది చదవగలిగాను. కిటికీ దగ్గరికి వెళ్ళి, ఎండలో పట్టుకుని, ఒక్కో అక్షరం వేలితో దిద్దుతూ చదివాను. వాడికి తెలుసు, అంత రాస్తే తప్ప చదవలేనని.

మొన్న ఎండాకాలం ఇంకో ఉత్తరం వచ్చింది. ఊరు అదేనని పోస్టుమాన్ చెప్పాడు, చేతిరాత వాడిది కాదు. విప్పాను. ఆవగింజలు. మామూలు మనుషులు రాసే అక్షరాలు. కాగితమంతా బూడిద చల్లినట్టు ఉంది. అక్కణ్ణుంచి వాడు కాకపోతే రాసేది మా మరదలే, అది మాత్రం అర్థమైంది.

ఎండలో పట్టుకున్నాను. భూతద్దం పెట్టాను. కుడికన్ను మూసి ఎడమతో, ఎడమ మూసి కుడితో. ఒక్క ముక్క రాలేదు.

కోడలు ఇంట్లోనే ఉంది. "ఎవరిది మావయ్యా?" అని అడిగింది కూడా. "పాత ఉత్తరమే" అని జేబులో పెట్టుకున్నాను. చెప్పానుగా ఒట్టు. నా ఉత్తరం ఇంకొకళ్ళ నోట వినను. పైగా చదవమని ఇస్తే, నువ్వెందుకు చదువుకోలేవు అంటుంది. అంటే సంగతి బయటపడుతుంది. రేపు కాస్త ఎండ బాగా వస్తే చదువుకుందాం, ఎల్లుండి తల నొప్పి లేకపోతే చదువుకుందాం. అలా రోజులు పోయాయి. చొక్కా మారిస్తే ఉత్తరాన్ని కూడా కొత్త జేబులోకి మార్చేవాణ్ణి. మర్చిపోలేదు. పొద్దున లేవగానే జేబు తడిమి చూసుకునేవాణ్ణి.

తడమడం. ఆ రోజు బుట్ట దగ్గర రాని పని ఇక్కడ బాగా వచ్చింది.

ఆఖరికి మా వీధి చివర మందుల షాపతనికి ఇచ్చాను. కళ్ళద్దాలు ఇంట్లో మర్చిపోయానని అబద్ధం చెప్పి. అతను మంచివాడు. గుమాస్తాలా గొంతు మార్చలేదు. మెల్లగా, కౌంటరు మీదికి వంగి, నాకు మాత్రమే వినబడేలా చదివాడు. "బావగారికి నమస్కారాలు. ఆయనకి ఆరోగ్యం బాగాలేదు. మంచం దిగట్లేదు. అన్నయ్య వస్తాడా అని రోజూ అడుగుతున్నారు. తలుపు చప్పుడైతే చూడమంటున్నారు. మీరు ఒక్కసారి రండి" అని.

అప్పుడే బస్సెక్కాను. మా మరదలు తలుపు తీసింది. తిట్టలేదు. మంచినీళ్ళిచ్చింది. గది చూపించింది. పరుపు చుట్టి గోడకి ఆనించి ఉంది. కిటికీలో రంగుల కుండీ ఒకటి. దాని మీద నారింజలు వేశాడు. నారింజలని ఆవిడే చెప్పింది.

అంతే కథ. ఇంకేం లేదు. మీ చుక్కల మందు కళ్ళలోంచి కారుతోంది, అదేదో గుడ్డ ఇటివ్వండి. నర్సమ్మ మరీ ఎక్కువ పోసేసింది.

కార్డులో రాసుకోండి ఇప్పుడు. మూడు నెలలు కొట్టేయండి. పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిది, వానాకాలంలో మొదలైంది, చలికాలానికి బాగా తెలిసింది. మెల్లగానే పోయింది. పదమూడేళ్ళు పట్టింది. చుక్కల మందు ఇవ్వండి, రోజుకి ఎన్నిసార్లంటే అన్నిసార్లు పోసుకుంటాను. చీటీ మీద పెద్ద అక్షరాలతో రాయండి. నేనే చదువుకోవాలి.

ఎడమ కన్ను పోయింది. మా మరదలు రాసిన ఉత్తరం ఇరవై రోజులు నా జేబులో ఉంది. పన్నెండో రోజున మా తమ్ముడు చనిపోయాడు.